తూకం వేయని ఇంట్లో బడి

మనవరాలి బర్త్ సర్టిఫికెట్ కోసం అటక మీది ఇనుప పెట్టె దింపించాను. ఇంట్లో చేతికి దొరికినవన్నీ జిరాక్స్ కాగితాలే, బడివాళ్లు అసలుది చూపించమన్నారు. పెట్టెలో పైన నా పెళ్లి చీర, దాని కింద పాత రేషన్ కార్డులు, సర్టిఫికెట్ల కవరు. అన్నిటికన్నా అడుగున బొంతగుడ్డలో చుట్టి మా నాయిన తరాజు. అది అక్కడుందనే సంగతి నేను మరిచిపోయి చాలా ఏళ్లయింది. వెడల్పాటి రెండు ఇనుప పళ్లేలు, మధ్యలో కాడ, పళ్లేలకు కట్టిన తాళ్లు చివికి పోగులు పోగులుగా వేలాడుతున్నాయి. ఆ గుడ్డను ముక్కు దగ్గర పెట్టుకుంటే పాత దూది వాసన. కవరు పక్కన పెట్టి అలాగే నేలమీద కూర్చుండిపోయాను.

ముందు గదిలో నా కొడుకు ఖాజా, కోడలు రేష్మ పొద్దున్నుంచీ వాదించుకుంటున్నారు. సనాకు నాలుగేళ్లు నిండాయి. చిలకలగూడలో మా సందు దాటాక రెండో మలుపులో ఉన్న ప్రైవేటు బడిలో ఎల్‌కేజీ సీటు వచ్చింది. శనివారం మధ్యాహ్నం పన్నెండు లోపల కాగితాలిచ్చి ఖాయం చేసుకోకపోతే ఆ సీటు వెనక వరసలో ఉన్న ఇంకో పిల్లకు పోతుంది. ఆ రోజు గురువారం. అంతా కుదిరిందనుకుంటుండగా ఖాజా బయటినుంచి ఒక మాట మోసుకొచ్చాడు.

"బడి అమ్మేసిండ్రట అమ్మా. ఇన్నేండ్లు నడిపిన ముసలాయన పోయిండు గదా, కొడుకులు ఏదో కంపెనీకి ఇచ్చిండ్రట. ఆ కంపెనీకి ఊరూర బళ్లేనట."

"అయితే ఏంది?" అంది రేష్మ. ఆమె మొగుణ్ణి పేరు పెట్టి పిలవదు. "సనా డాడీ, టీచర్లు గాళ్లే, బిల్డింగ్ గదే. ఓనర్ ఎవరైతే మనకేంది? ఓనర్ వచ్చి అఆలు దిద్దిస్తడా?"

"మా షాపు అమ్మినప్పుడు సుత గిదే చెప్పిండ్రు, ఏం మారదు అని. ఆర్నెల్లల్ల పాత మనిషి ఒక్కడన్న మిగిలిండా? నేను మిగిలిన్నా?"

ఖాజా పన్నెండేళ్లు పని చేసిన పరుపుల షాపు చేతులు మారాక వాడు పడ్డ పరేషాన్ మేమందరం చూశాం. రేష్మ గొంతు తగ్గించి, "మరి ఏం జేద్దామంటరు?" అని అడిగింది.

"అల్వాల్‌ల పాత ట్రస్టు బడి ఉంది. అది ఎవ్వరికి అమ్మరు. ఈ ఏడు సీట్లు లేవన్నరు. వచ్చే ఏడు చూద్దాం. చిన్నపిల్లనే గదా, తొందరేముంది?"

వచ్చే ఏడు చూద్దాం. తరాజు పళ్లెం నా ఒళ్లో ఉంది. ఆ మాట నేను అచ్చం అదే నెమ్మదితో, అదే ప్రేమతో ఇంకో గొంతులో విన్నాను. యాభై ఏళ్లు దాటేదాకా నా పేరు నేను చదువుకోలేకపోవడానికి ఆ మాటే కారణం.

మాది దూదేకుల ఇల్లు. నమాజు చేస్తాం, ఇంట్లో తెలుగు మాట్లాడుకుంటాం. మా నాయిన పేరు మస్తాన్. నల్గొండ వైపు నుంచి వచ్చి చిలకలగూడలో పెంకుటింటి సగభాగంలో కాపురం పెట్టాడు. పొద్దున్నే జొన్నరొట్టె తిని, దూది ఏకే మనిషెత్తు విల్లు భుజాన వేసుకుని, తరాజు సంచిలో పెట్టుకుని వీధుల్లోకి వెళ్లేవాడు. ఎవరైనా పిలిస్తే వాళ్ల పెరట్లోనే పని. పాత పరుపు విప్పి, గడ్డకట్టిన దూది ఎండలో పోసి, కట్టెతో బాది, 'బిస్మిల్లా' అని విల్లు అందుకుంటే ఇక మధ్యాహ్నం దాకా ఆ వింటి నరం మోత ఆగేది కాదు. నేను వెంట వెళ్లేదాన్ని. విల్లు కింద దూది మబ్బులా లేస్తుంటే నా కనుబొమలు, వెంట్రుకలు తెల్లగా అయిపోయేవి. "చూడుర్రి, నా ముసలి తల్లి" అని నవ్వేవాడు నాయిన. సాయంత్రం ఇంటికొచ్చాక మా అమ్మ పీరమ్మ ఇద్దరికీ చెరో బెల్లం ముక్క ఇచ్చేది. గొంతులో పట్టిన దూదిదుమ్ము బెల్లంతోనే దిగుతుందని ఆమె నమ్మకం.

ఒక్కో ఇంటి పాత దూదికి ఒక్కో వాసన ఉంటుంది. కొన్నిళ్లది కొబ్బరినూనె వాసన, కొన్నిళ్లది చంటిపిల్లల ఉచ్చ వాసన, రోగి పడుకున్న పరుపుదైతే మందుల వాసన. ఇంటివాళ్లు ముందుగదిలో ఎంత దర్జాగా ఉన్నా వాళ్ల దూది నాయినకు అబద్ధం చెప్పేది కాదు. అందుకే మనుషుల మీద ఆయన తీర్పులన్నీ అక్కడినుంచే పుట్టేవి. అన్నిటికన్నా పెద్ద తీర్పు తూకం దగ్గర. పని మొదలుపెట్టే ముందు పాత దూది తూచాలి, ఏకాక మళ్లీ తూచాలి. కొంత తగ్గుతుంది. అది దుమ్ము. ఎంత తగ్గితే దుమ్మో, ఎంత తగ్గితే దొంగతనమో ఇచ్చేవాళ్లకూ తెలుసు, ఏకేవాళ్లకూ తెలుసు. ఇంటావిడ దగ్గర నిలబడి కాడ చూస్తేగాని నాయిన దూది ముట్టేవాడు కాదు.

దానికి కారణం ఉంది. ఒకసారి ఒకింట్లో "ఎందుకులే తూకం, నువ్వు తెలిసినోడివే గదా" అన్నారట. నాయిన సంతోషపడి అలాగే ఏకి వచ్చాడు. మూడోరోజు ఆ ఇంటి మగవాళ్లు మా సందుకొచ్చారు. దూది తగ్గిందని, మా ఇంట్లో ఉన్న రెండు సంచులు బజార్లో బోర్లించారు. అది నాకు బాగా గుర్తుంది. సందంతా తెల్లగా దూది, అందరూ గుమ్మాల్లో నిలబడి చూడ్డం, నాయిన మోకాళ్ల మీద కూర్చుని దాన్ని చేత్తో పోగుచేసుకోవడం. మా అమ్మ సాయం పోబోతే, "నువ్వు లోపటికి పో" అన్నాడు. ఆ రోజు నుంచి ఆయనకు ఒకటే సూత్రం: "తూకం ఏసెటోడు నమ్మనోడు కాదు. తూకం వద్దనేటోడే రేపు నింద మోపేటోడు."

మా అమ్మకు నన్ను చదివించాలని ఉండేది. సర్కారు బడి రైలుపట్టాల అవతల ఉంది. పిల్లను పట్టాలు దాటించడానికి అమ్మకు ధైర్యం లేదు. మాకు నాలుగిళ్ల అవతల గ్రేసమ్మ టీచర్ బడి ఉండేది. వాళ్లు గుంటూరు వైపు క్రైస్తవులు, ఆమె భర్త రైల్వే ఆఫీసులో గుమాస్తా. బడి ఆమె సొంతం. ఇంటి వరండాయే బడి, వరండా స్తంభానికి వేలాడదీసిన రైలుపట్టా ముక్కే గంట. పొద్దున ఆ వరండా పక్కనుంచి పోతుంటే తడిపలకల వాసన వచ్చేది. నేను తరాజు సంచి పట్టుకుని అక్కడ నిలబడిపోతే నాయిన పది అడుగులు వెళ్లి వెనక్కి తిరిగి, "ఏందే లాలీ, కాళ్లకు మేకులు కొట్టిండ్రా?" అనేవాడు.

చుట్టాలు ఒప్పుకోలేదు. కిరస్తానోళ్ల బడి, పిల్లతో వాళ్ల పాటలు పాడిస్తారన్నారు. నాయిన నవ్వాడు. "పాడనీ. దుమ్ము తిన్న గొంతు జెర సాఫైతది." మతం ఆయనకు అడ్డం కాలేదు. కానీ, "బడి ఎవలదో ఆ మనిషి ఎసొంటిదో సూడాలె. బిడ్డను ఇచ్చుడంటే దూది ఇచ్చుడు కాదు" అన్నాడు. అమ్మ తెలివైనది. గ్రేసమ్మ టీచర్ ఇంట్లో పరుపులు ఏకాల్సి ఉన్నాయని ఎలాగో కనుక్కుని, నాయిన్ని అక్కడికి పంపింది. నన్ను తల దువ్వి, ఉతికిన గౌను వేసి వెంట పంపింది. "జూన్‌ల చేర్చుకుంటదంట, నేను మాట్లాడిన. నువ్వు మాత్రం అక్కడ దూదిల పొర్లకు" అని నా చెవిలో చెప్పింది.

ఆ ఇంటి పరుపుల్లో నాఫ్తలిన్ ఉండల వాసన, గంజిపెట్టిన దుప్పట్ల వాసన. మంచి దూది. నాయిన మొహం తేటపడింది. పెరట్లో జామచెట్టు కొమ్మకు తరాజు తగిలించి, మూట కట్టి, "అమ్మా, వచ్చి తూకం చూడుర్రి" అని పిలిచాడు.

గ్రేసమ్మ టీచర్ తెల్లచీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. తరాజు చూడగానే ఆమె మొహం ఎర్రబడింది. "తీసెయ్యండి మస్తాన్ గారూ. మా ఇంట్లో అవేం వద్దు."

నాయిన్ని అంతకుముందు ఎవరూ గారు అనలేదు. ఆయన వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరైనా వచ్చారేమోనని. "అట్ల కాదమ్మా, తూకం ఏస్తేనే పని షురూ చేస్తా."

"నేను చూడనండి. మీ పని మీరు చేసుకోండి" అని ఆమె లోపలికి వెళ్లిపోయింది. వరండాలో పిల్లలు ఎక్కాలు వల్లిస్తున్నారు. నాయిన తరాజు వంక, తలుపు వంక చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. నేను అమ్మ మాట గుర్తుపెట్టుకుని దూదికి దూరంగా గోడకానుకుని ఉన్నాను. నా గౌను మీద ఒక పోగు కూడా పడనివ్వలేదు. పని వదిలేసి వెళ్తాడనుకున్నాను. వెళ్లలేదు. నన్ను చూసి విల్లు తీశాడు. ఆ సంచుల గొడవ తర్వాత ఆయన తూకం లేకుండా చేసిన పని అదొక్కటే. ఆ రోజు నరం మోతలో లయ లేదు. ప్రతి పిడికెడు దూదినీ నావైపు ఎత్తి చూపించి మరీ ఏకాడు, నన్ను సాక్ష్యం పెట్టుకున్నట్టు. ఎగిరిన పోగులను కూడా వెతికి తెచ్చి కుప్పలో వేశాడు.

సాయంత్రం దబ్బనంతో చివరి కుట్టు వేస్తుండగా టీచర్ భర్త ఆఫీసు నుంచి వచ్చాడు. సైకిల్ గోడకు ఆనించి, పరుపు వైపు చూసి నవ్వుతూ, "ఏంటి మస్తానూ, దూదంతా ఎటెళ్లిపోయింది?" అన్నాడు.

నాయిన చేయి ఆగింది. కుట్టు ముగించాడు, దారం పళ్లతో తెంపాడు, సంచి బోర్లించి దులిపి చూపించాడు, రెండు జేబులూ బయటికి తీసి చూపించాడు. ఆ పెద్దమనిషి బిత్తరపోయి, "అయ్యో, ఊరికే అన్నానయ్యా" అంటున్నాడు. టీచరమ్మ చాయ్ గ్లాసుతో బయటికొచ్చేసరికి మేం గేటు దాటేశాం. నాయిన నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే వేళ్లు నొప్పెట్టాయి. ఇంటికొచ్చాక అమ్మతో ఒక్కటే అన్నాడు: "ఆ బడికి పిల్లను పంపేది లేదు. రేపు పిల్లకు చదువు రాకపోతే ఎవల్ని అడుగుతవ్? తూకం లేని కాడ ఇచ్చినదానికి లెక్కేడిది?"

"మరి పిల్ల చదువు?" అంది అమ్మ.

"చిన్నదే గదనే. వచ్చే ఏడు చూద్దాం."

మరుసటి ఏడు తమ్ముడు పుట్టాడు. ఆ తర్వాతి ఏడు నాకు దూది నింపడం వచ్చేసింది. మా నాయిన చెడ్డవాడు కాదు. పోయేదాకా ప్రతి జూన్‌లో ఆ మాట అంటూనే ఉన్నాడు, నా పెళ్లయ్యాక కూడా ఒకసారి పొరపాటున అన్నాడు.

పెళ్లయి ఇంకో సందుకు వెళ్లాక గ్రేసమ్మ టీచర్ ఇంటి వైపు నేను మళ్లీ పోలేదు. మా ఆయన పోయాక నేను బొంతలు కుట్టి ఖాజాను పెంచాను. నాకు యాభై మూడేళ్లప్పుడు బొంత కుట్టాలని ఒక పిలుపొస్తే వెళ్లాను. వెళ్తే అదే జామచెట్టు. బడి మూతపడి చాలా కాలమైంది, వరండాలో గంట మాత్రం అలాగే వేలాడుతోంది. గ్రేసమ్మ టీచర్ చేతికర్రతో వచ్చి నన్ను ఎగాదిగా చూసింది. "నువ్వు మస్తాన్ గారమ్మాయివి కదూ? జూన్‌లో చేరతానని రాలేదు."

ఆమె బొంతకు దూది తీసిపెట్టింది. తూచలేదు. అన్నేళ్లు కడుపులో ఉన్న ప్రశ్న అప్పుడు బయటికొచ్చింది. "టీచరమ్మా, మీరు తూకం ఎందుకు వెయ్యరు?"

ఆమె వరండా మెట్టు మీద కూర్చుంది. "మా నాన్నగారు నేతపని చేసేవారమ్మా. షావుకారు నూలు తూచి ఇచ్చి, బట్ట తూచి తీసుకునేవాడు. తూచిన ప్రతిసారీ దొంగని చూసినట్టు చూసేవాడట. మన ఇంటికి పనికొచ్చిన మనిషి ముందు త్రాసు పెట్టొద్దని మా అమ్మ నాచేత ఒట్టు వేయించుకుంది. మీ నాన్నకి మర్యాద చేశాననుకున్నాను."

నేను మా సందులో బోర్లించిన సంచుల కథ చెప్పాను. "ఆయన ఒక్క మాట అడిగితే చెప్పేదాన్ని కదమ్మా" అందామె. మళ్లీ తనే, "నేను మాత్రం అడిగానా? నాలుగిళ్ల దూరం. పిల్ల ఎందుకు రాలేదని వచ్చి అడగొచ్చు. పొగరు అనుకున్నాను" అంది. లేస్తూ కర్రతో నేలమీద కొట్టింది. "రేపట్నుంచి మూడింటికి రా. ఆలస్యమైతే ఊరుకోను."

అలా నేను అదే వరండాలో అక్షరాలు దిద్దాను. యాభై మూడేళ్లని ఆమె కనికరించలేదు, వంకర రాస్తే కర్రతో పలక మీద టకటకలాడించేది. ఏడాదిన్నర తర్వాత ఆమె పోయింది. అప్పటికి నేను బస్సు బోర్డులు చదువుతున్నాను.

అందుకే ఆ గురువారం ఖాజా నోట ఆ మాట వినగానే తరాజు పక్కన పెట్టి ముందు గదిలోకి వెళ్లాను. "రేయ్, అమ్మిండ్రని నీకెవలు చెప్పిండ్రు?"

"చాయ్ హోటల్ కాడ అనుకుంటుండ్రు."

"బడోళ్లను అడిగినవా?"

"అడిగితే చెప్తరా అమ్మా?"

"చెప్పకపోతే అదొక జవాబు. అడగకుండ ఏడాది పోగొడితే నేనూకోను."

శనివారం పదకొండున్నరకు బడికి వెళ్లాం. ఖాజా బండి దిగకుండా గేటు దగ్గరే ఉంటానన్నాడు, నేను కదలకపోయేసరికి లోపలికొచ్చాడు. బయట బల్ల మీద ఇంకో జంట పాపను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. వాళ్లు గడియారం వంకే చూస్తున్నారు. మా తర్వాత పేరు వాళ్లదేనని రేష్మ గుసగుసలాడింది.

ప్రిన్సిపాల్ మేడం నలభై ఏళ్ల మనిషి. నా ప్రశ్న విని కాగితాలు సర్దడం మొదలుపెట్టింది. "ఓనర్‌షిప్ విషయాలు పేరెంట్స్‌తో డిస్కస్ చెయ్యమమ్మా."

"డిస్కస్ వద్దు మేడం. బడి ఎవలదో చెప్పున్రి చాలు. ఇంట్ల పిల్లను ఇస్తున్నం."

గోడగడియారం చప్పుడు వినిపిస్తోంది. ఆమె లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చింది. "జూన్ నుంచి కొత్త మేనేజ్‌మెంట్. నన్ను ఒక సంవత్సరం ఉండమన్నారు, తర్వాత సంగతి నాకూ తెలియదు. టీచర్లలో ఎవరుంటారో తెలియదు. అడ్మిషన్లు అయ్యేదాకా చెప్పొద్దన్నారు."

ఖాజా నా వంక చూశాడు. వాడు చెప్పిందే నిజం. రేష్మ తల దించుకుని ఫైలు మూసింది. పన్నెండుకు ఇంకా పదిహేను నిమిషాలుంది. నాకు జామచెట్టు కింద నిలబడ్డ నాయిన కనిపించాడు. ఆయన భయం తప్పు కాదు. ఆ బడి యజమాని వరండాలోనే ఉండేది, ఆమె పరుపు వాసన కూడా మాకు తెలుసు, అయినా నష్టపోయాం, అడక్క. ఈ బడి యజమాని ఏ ఊళ్లో ఉంటాడో ఈమెకే తెలియదు. వాడి పరుపు ఏకడానికి మాలో ఎవరూ వెళ్లలేదు. అలాంటప్పుడు తూకం ఇంకా ఎక్కువ కావాలి కదా అనిపించింది.

"ఒక తెల్లకాగితం ఇయ్యున్రి మేడం" అన్నాను.

నా రాత నెమ్మది. అందరూ చూస్తుండగా రాశాను. సనాకు ఇరవై దాకా లెక్క వచ్చు, పదమూడు మరిచిపోతుంది. రెండు పాటలు పూర్తిగా వచ్చు. రంగులన్నీ చెబుతుంది. చెప్పులు తనే వేసుకుంటుంది, తిరగేసి. ప్రతిదానికీ ఎందుకు అని అడుగుతుంది. గట్టిగా నవ్వుతుంది.

ఖాజా నా భుజం మీదుగా చదువుతున్నాడు. "కొత్తోళ్లంటే భయం లేదని రాయమ్మా" అన్నాడు మెల్లగా. రాశాను.

మేడం చదివి, "ఇదేంటమ్మా?" అంది.

"తూకం మేడం. ఇచ్చేటప్పుడు ఇంత ఉంది. ఏడాదికి మళ్ల వస్త, మీరున్నా లేకున్నా. కొంత దుమ్ము పోతే పోనీ, ఏకితే పోతది. దూది పోవద్దు. మీ సంతకం పెట్టి బడి ముద్ర ఎయ్యున్రి."

ఇలాంటి కాగితం ఎప్పుడూ చూడలేదంది. ఇది ఏ ఫైల్లోనూ పెట్టలేనంది. కలం మూత తీసి కాసేపు పట్టుకుంది. గడియారంలో పన్నెండుకు ఐదు నిమిషాలుంది, బయట బల్ల కిర్రుమంది. అప్పుడు సంతకం పెట్టింది. జూన్‌లో మారిపోయే ఆ పాత ముద్ర నొక్కి అద్దింది.

ఖాజా ఆ ముద్ర ఆరేదాకా చూశాడు. "ఇయ్యి" అన్నాడు రేష్మతో. "ఏడాది. తగ్గిందంటే అల్వాల్ కాదు, యాడికైనా తీస్కపోతా." రేష్మ ఫైలు ముందుకు జరిపింది.

ఇంటికొచ్చాక తరాజుకు కొత్త తాళ్లు కట్టించి నా గదిలో మేకుకు తగిలించాను. ఒక పళ్లెంలో ఆ కాగితం మడిచి పెట్టాను. కాగితం బరువుకే ఆ వైపు కొద్దిగా వంగింది. రెండో పళ్లెం ఖాళీగా ఉంది. సనా రోజూ దాన్ని వేలితో ఊపి, "ఇందుల ఏం పెడతవ్ నానమ్మా?" అని అడుగుతోంది.

"నేను పెట్టేది కాదు, బడోళ్లు పెట్టాలె" అని చెబుతున్నాను.